డాబా మీద డి విటమిన్

ప్రభుదాస్‌కు ఒక ఆలోచన వచ్చిందంటే ఇంట్లో ఏదో ఒకటి మాడడం ఖాయమని పద్మారావు నగర్‌లోని ఆ అపార్ట్‌మెంటంతటికీ తెలుసు. ఈసారి ఆలోచన ఫోన్లోంచి ఊడిపడింది. ఎమ్మెస్ ఉన్నవాళ్లలో చాలామందికి డి విటమిన్ తక్కువట, అది ఎండలో ఊరికే దొరుకుతుందట!

ఆయన భార్య దేవకృపకు రెండేళ్లుగా ఈ ఎమ్మెస్, అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల జబ్బు. పోయిన వేసవిలో స్కూల్లో పాఠం చెబుతూ చెబుతూ కాళ్లు మొద్దుబారి కూలబడిపోయింది. అప్పట్నుంచి ఆమె చేతిలో చెంచా జారినా ఈయన గుండె జారుతోంది.

"కృపా, జెర ఎండలో కూర్చోరాదూ?"

"నాకు ఎండ పడదండీ."

"ఎండ పడదు, నా మాట సుత పడదు!"

"రెండూ తలనొప్పే కదా!"

చెబితే వినని మనిషి ప్రార్థనంటే కాదనదు. అందుకని శనివారం పొద్దున పదకొండింటికి డాబా మీద స్త్రీల సమాజం ప్రార్థన పెట్టించాడు. ప్రార్థన చేసేది సంఘపెద్ద జెరెమియా. ఆయన ఆదాము దగ్గర మొదలుపెట్టి సికింద్రాబాద్ చేరేసరికి అన్నం చల్లారిపోతుంది.

"బ్రదర్, ఈసారి ఇంకా పొడుగ్గా చేయండి. మటన్ బిర్యానీ చేయిస్తున్న."

"బిర్యానీ ఉందంటే గొంతు దానంతటదే లేస్తది, బ్రదర్!"

దేవకృప ఎండలో వేసిన కుర్చీలను చూసింది, నీళ్ల ట్యాంకు నీడను చూసింది, నవ్వి ఊరుకుంది. ఆమె ఊరుకుందంటే భయపడాలని ఇన్నేళ్ల కాపురంలోనూ ఆయనకు తెలిసిరాలేదు.

"అందరూ కళ్లు మూసుకోండి! ఆమేన్ అనేదాకా ఎవరూ తెరవద్దు!" అని హుకుం జారీచేసి ప్రభుదాస్ టోపీ తీశాడు. ప్రార్థనలో మగవాళ్లు తల మీద ఏమీ ఉంచుకోరు. ఆయన తల మీద వెంట్రుకలు కూడా లేవు.

నోవహు ఓడ ఎక్కేసరికి ప్రభుదాస్ చొక్కా తడిసింది. మోషే ఎడారిలో దిగేసరికి నాలుక పిడచకట్టింది. పోనీలే, కృపకు విటమిన్ బాగా ఎక్కుతోందనుకుని ఓర్చుకున్నాడు. కుర్చీలు జరిగిన చప్పుడైంది. గ్లాసులు గలగలమన్నాయి. సైతాను శోధన అనుకుని కళ్లు ఇంకా బిగించాడు. జెరెమియా గొంతు కాస్త దూరమైతే, భక్తి ముదిరిందనుకున్నాడు.

"ఆమేన్!"

కళ్లు తెరిస్తే ఎండలో ఆయనొక్కడే ఉన్నాడు. ఆడవాళ్లంతా ట్యాంకు నీడలో మజ్జిగ తాగుతున్నారు. వాళ్ల మధ్య జెరెమియా రెండో గ్లాసు పట్టుకుని ఉన్నాడు.

"అయినా ప్రార్థనలో మేం తల మీద కొంగు కప్పుకుంటాం కదండీ! ఎండ ఎక్కడ తగులుతుందనుకున్నారు?" అంది దేవకృప.

ప్రభుదాస్ జవాబు చెబుదామని లేచాడు. డాబా గిర్రున తిరిగింది. కుర్చీతో సహా ఆయన్ని లిఫ్టులోకి మోసింది స్త్రీల సమాజమే.

దేవకృపను చూసే డాక్టర్ అనుపమ ఇద్దరికీ రక్తపరీక్ష రాసింది. రిపోర్టు వచ్చాక చూస్తే, దేవకృపకు డి విటమిన్ సరిపడా ఉంది. ప్రభుదాస్‌కే అడుగంటింది.

"అదేందమ్మా! ఎండలో వేగింది నేనైతే?"

"ఒక్కపూట ఎండకేమొస్తుందండీ? పైగా జన్యువుల్లో తేడాలుంటాయి. అదే ఎండ, అవే మాత్రలు అందరికీ ఒకేలా పనిచేయవు. మేడంకి నేనిచ్చిన మాత్రలు సరిపోతున్నాయి. అయినా ఎమ్మెస్‌కి డి విటమిన్ ఒక్కటే కారణమూ కాదు, మందూ కాదు. వేడి తగిలితే కాళ్లు ఇంకా నీరసిస్తాయని పోయినసారి మీ ఎదురుగానే చెప్పాను కదా!"

పోయినసారి డాక్టర్ చెబుతున్నప్పుడు ఆయన ఫోన్లో ఎమ్మెస్ గురించి చదువుతున్నాడు.

ఇద్దరూ ఆటోలో ఇంటికి బయల్దేరారు. చిలకలగూడ దాటాక ప్రభుదాస్ ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు మళ్లీ పడిపోతావేమోనని భయం, కృపా."

"తెలుసు. అందుకే మీ ప్రార్థన ఆపలేదు, నా కుర్చీ జరుపుకున్నానంతే," అని ఆమె ఆయన చేయి పట్టుకుంది.

ఆదివారం చర్చి నుంచి రాగానే దేవకృప, డాక్టర్ ఆయనకు రాసిచ్చిన మాత్ర అరచేతిలో పెట్టింది. "తర్వాత వేసుకుంటాలే" అని ఆయన నసుగుతుండగానే గుమ్మంలో జెరెమియా ప్రత్యక్షమయ్యాడు.

"బ్రదర్, మీ డి విటమిన్ కోసం ప్రార్థన చేయమని సిస్టర్ పిలిచిన్రు. డాబా మీదికి పోదామా?"

ప్రభుదాస్ మాత్ర గుటుక్కున మింగి, "ఆమేన్!" అన్నాడు.