మేయర్ గారు బీరు కాచిన వైనం

"ఈ లోయ నీళ్ళతో, ఈ లోయ బార్లీతో, నా సొంత చేతులతో, ఇంట్లోనే బీరు కాచబోతున్నాను. పట్నం వాళ్ళలా డబ్బాలో సిరప్పు కొని నీళ్ళు కలపడం కాదు. గింజ దగ్గర్నుంచి గిన్నె దాకా అంతా నేనే!"

మా మేయర్ ఒడ్వార్ షెల్విక్ గారు మా ఊరు బ్రాట్‌లీలో సహకార దుకాణం మెట్ల మీద నిలబడి, వానలో తడుస్తూ, ఈ చారిత్రాత్మక ప్రకటన చేశారు. మేం అక్కడికి మా ఊరి బడి మూసేస్తారా, ఉంచుతారా అని అడగడానికి వెళ్ళాం. ఒక ప్రశ్నకు ఇంత సమగ్రమైన జవాబు దొరకడం మా ఊరి చరిత్రలో అదే మొదటిసారి.

బడి మూసేస్తే మేమంతా కొండ దాటి పట్నం బడికి వెళ్ళాలి. శీతాకాలంలో ఆ దారి ఎప్పుడు తెరిచి ఉంటుందో మంచుకే తెలియాలి. మునిసిపల్ కౌన్సిల్లో ఓట్లు సరిసమానంగా చీలిపోయాయి. మేయర్ గారి ఓటు ఎటు పడితే బడి అటే. అందుకని మేయర్ గారు ఎటూ చెప్పకుండా బీరు దగ్గరికి వచ్చారు.

ఆయన ఈ లోయలోనే పుట్టారు. పుట్టిన కొద్ది రోజులకే పట్నం వెళ్ళిపోయారు. అయినా ఆయన పెదనాన్న పశువుల కొట్టం ఇంకా ఇక్కడే ఉంది. బీరు అందులో కాయాలని ఆయన సలహాదారు హెన్నింగ్ నిర్ణయించాడు. దాన్ని పులియబెట్టే ఈస్టు మాత్రం మా అమ్మమ్మ బొర్గిల్ దగ్గర తీసుకోవాలన్నాడు. మా ఇంట్లో ఈస్టు అమ్మమ్మ వాళ్ళమ్మ నాటినుంచి వస్తోంది. ఒకసారి కాచిన బీరు అడుగున పేరుకున్నదాన్ని తీసి, ఆరబెట్టి, మళ్ళీ కాచినప్పుడు వాడతాం.

"బొర్గిల్ అవ్వా, నీ ఈస్టు నాకిస్తావా?" అని మేయర్ గారు మా గుమ్మంలో నిలబడి చేతులు జోడించినంత పని చేశారు.

"నేను నీకు అవ్వనెప్పుడయ్యాను ఒడ్వార్? మొన్నటిదాకా ఓటరునే కదా!"

"అంతా ఒకటే అవ్వా."

"అయితే బడి సంగతి చెప్పు."

"ముందు బీరు కానివ్వు."

అమ్మమ్మ ఈస్టు ఇచ్చింది. అడిగినవాడికి ఈస్టు లేదనడం మా లోయలో ఎవరికీ చేతకాదు. దాన్ని గాజుసీసాలో వేసి, కొంచెం తీపి రసం పోసి నిద్రలేపి, మోసుకురమ్మని నన్ను పంపింది.

కాచే రోజున మేయర్ గారు కొత్త ఉన్ని స్వెట్టరు వేసుకుని వచ్చారు. ధర చీటీ ఇంకా మెడ వెనక వేలాడుతోంది. హెన్నింగ్ దాన్ని చూసి స్వెట్టరు లోపలికి తోశాడు. జూనిపర్ అనే కొండపొద కొమ్మలు వేసి కాచిన నీళ్ళను మొలకబార్లీ నూక మీద పోసి, జావలా కలిపి, మూతపెట్టి ఓపిక పట్టాలి. ఓపిక పట్టే భాగం అమ్మమ్మకు అప్పగించి మేయర్ గారు కలిపే భాగం తీసుకున్నారు. తెడ్డు పట్టుకుని ఫోటో దిగాక కలిపే భాగం కూడా అమ్మమ్మకే వచ్చింది.

"ఇది ఎప్పుడు బీరవుతుంది?" అన్నారు మేయర్ గారు తొట్టిలోకి తొంగిచూసి.

"ఈస్టు వేస్తే అవుతుంది. వేయకపోతే పిల్లలు తాగే బార్లీ రసం."

"బ్రహ్మాండం! హెన్నింగ్, ఈ మాట రాసుకో."

కొమ్మల మధ్యనుంచి వడగట్టిన రసం తేనెరంగులో చిన్న పీపాలోకి దిగింది. అమ్మమ్మ వేలు ముంచి చూసి, ఇక వేయొచ్చు అని చెప్పి, ఆవుల పాలు పిండే వేళైందని ఇంటికి వెళ్ళిపోయింది. ఇక్కడ మా లోయ పద్ధతి ఒకటి చెప్పాలి. ఈస్టు వేసేవాడు వేస్తూ గొంతు చించుకుని కేక పెట్టాలి. కేక ఎంత పెద్దదైతే బీరు అంత ఘాటు. కేకలో మా మేయర్ గారికి కౌన్సిల్లోనే పోటీ లేదు.

ఆయన నా చేతిలోని సీసా అందుకుని మొదటి కేక పెట్టారు. పైన అటక మీది గడ్డిలో నిద్రపోతున్న పిల్లి బయటికి దూకింది.

"ఆగండాగండి!" అన్నాడు పత్రిక ఫోటోగ్రాఫరు. "సీసా వంచితే ముఖం కిందికి పోతోంది. వంచకండి, పైకెత్తి పట్టుకోండి."

రెండో కేక. "ఆవిరి అడ్డొచ్చింది."

మూడో కేక. "కళ్ళు మూశారు."

నాలుగో కేకకు ఫోటో అద్భుతంగా వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. హెన్నింగ్ పీపా మూత బిగించి, భద్రతా కారణాల రీత్యా కొట్టానికి తాళం వేశాడు. మేయర్ గారు సీసాను నా చేతికిచ్చి, "చాలా బాగా పట్టుకున్నావమ్మా" అన్నారు.

సీసాలో ఈస్టు నిండుగా ఉంది.

"మేయర్ గారూ... ఈస్టు..." అన్నాను. నా గొంతు మామూలుగా నాకే సరిగా వినపడదు. ఫోటోగ్రాఫరు నన్ను కొంచెం పక్కకు జరగమన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మమ్మకు చెప్పాను. ఆమె పాలబిందె కింద పెట్టి చాలాసేపు నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి నవ్వు ఆపింది.

"రాన్‌వేగ్, బీరు గిన్నె దగ్గర అన్న మాట తెల్లారితే చెల్లుతుందా?"

"చెల్లదు." ఆ పద్ధతి మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. తాగి అన్నమాట మీద ఎవరినీ నిలదీయకూడదు.

"మరి బార్లీ రసం తాగి అన్న మాట?"

నాకు వెంటనే అర్థమైంది. "చెల్లుతుంది."

"అయితే నోరు మూసుకో. నీకు అలవాటేగా."

మూడో నాటి సాయంత్రం ఊరంతా కొట్టంలో చేరింది. మా దగ్గర మరో పద్ధతి ఉంది. కాచినవాడి ముఖం మీద బీరు బాగాలేదని ఎవరూ అనరు. చెక్కగిన్నె ముందు లార్స్ చేతికి వచ్చింది. ఆయన మా ఊరి గొర్రెల సంఘం అధ్యక్షుడు. ఒక గుక్క తాగి, ఒక క్షణం ఆగి, మేయర్ గారి వంక చూసి, "అబ్బ! నషాళానికంటింది!" అన్నాడు. తర్వాతివాడు నషాళానికంటే ఎక్కువ చెప్పాలి కనుక గోడ పట్టుకున్నాడు. ఆ తర్వాతివాడు పాట ఎత్తుకున్నాడు. గిన్నె ఒక చుట్టు తిరిగేసరికి సగం ఊరు తూలుతోంది. గిన్నె నా దాకా వస్తే నేనూ ఒక గుక్క తాగాను. చల్లటి జావకు పంచదార ఎక్కువైనట్టుంది.

అప్పుడు అమ్మమ్మ లేచింది. "ఒడ్వార్, బడి మూస్తావా?"

ఇంత ఘాటైన బీరు కాచిన సంబరంలో మేయర్ గారు తన గిన్నె ఖాళీ చేసి పీపా మీదికెక్కారు. "నా ఊపిరి ఉండగా ఈ ఊరి బడికి తాళం పడదు! పడితే నన్ను మేయరని పిలవొద్దు!"

చేతిలో ఫోను ఉన్న ప్రతివాడూ ఆ మాట రికార్డు చేశాడు. పార్టీ సమావేశం ఉందని మేయర్ గారు తన కారు తానే నడుపుకుంటూ కొండ దాటి పట్నం వెళ్ళిపోయారు. మా లోయలో తాగినవాణ్ణి బండి ఎక్కనివ్వరు, తాళాలు లాక్కుంటారు. ఆ రోజు తూలుతున్నవాళ్ళలో ఒక్కరూ ఆయన్ను ఆపలేదు. ఎందుకు ఆపలేదని ఎవరూ ఎవరినీ అడగలేదు.

మర్నాడు కౌన్సిల్లో మేయర్ గారు బడి మూయడానికి ఓటు వేశారు.

బయటికి రాగానే విలేకరి రికార్డింగు వినిపించాడు. మేయర్ గారు చిరునవ్వుతో విన్నారు. "అది నేనన్న మాట కాదు, బీరన్న మాట. గిన్నె దగ్గర అన్నది తెల్లారితే చెల్లదని మన పెద్దలే పెట్టారు. మన సంప్రదాయాన్ని నేను గౌరవిస్తాను."

"అంటే అప్పుడు మీరు తాగి ఉన్నారా?"

"పీకలదాకా."

"మరి ఆ రాత్రి కారు ఎవరు నడిపారు?"

హెన్నింగ్ మేయర్ గారి చెవిలో ఏదో చెప్పాడు. మేయర్ గారు ఆలోచించారు. తాగి లేనంటే బడి ఉంచాలి. తాగి ఉన్నానంటే లైసెన్సు పోతుంది. ఇలాంటి ఘడియల్లోనే నాయకుడి నిబ్బరం బయటపడుతుంది.

"నేనే నడిపాను. తాగి నడిపాను. నేరం ఒప్పుకుంటున్నాను" అంటూ ఆయన తల వంచారు. మర్నాటి పత్రిక ఈ నిజాయితీని మొదటి పేజీలో మెచ్చుకుంది.

విచారణకు పోలీసు అధికారి యొరున్ మా ఊరు వచ్చింది.

"బీరు ఘాటుగా ఉందా?" అని లార్స్‌ను అడిగింది.

"అందరి ముందూ ఉందన్నాను. ఇప్పుడు లేదంటే నా మాటకు విలువేముంటుంది? సంఘం ఎన్నికలు దగ్గరపడుతున్నాయి."

అందరూ అదే చెప్పారు. చివరికి అమ్మమ్మా, నేనూ మిగిలాం. నోరు మూసుకోవడం నాకు అలవాటే. అయినా బడి నాది కదా.

"అందులో ఈస్టు వేయలేదు" అన్నాను. ఈసారి గొంతు పైకే వచ్చింది. "అది ఉత్త తీపి రసం."

"రుచి చూశావా?"

"చూశాను."

యొరున్ కలం ఆపింది. "నీకు పదిహేనేళ్ళు. పిల్లలకు బీరు పోయడం ఇంకో నేరం."

ఈ మాట మేయర్ గారికి చేరగానే, ఆయన రెండో నేరం కూడా ఒప్పుకుని పిల్లల తల్లిదండ్రులకు బహిరంగ క్షమాపణ చెప్పారు.

"పీపాలో ఇంకా మిగిలింది" అంది అమ్మమ్మ. "పరీక్ష చేయించు. నిజం తేలిపోతుంది."

యొరున్ కొట్టం తాళం తీయించింది. మూత ఎత్తగానే తెల్లటి నురుగు బుసబుసమంటూ పైకి పొంగింది. ఇన్నాళ్ళుగా కొట్టంలోని దుమ్మూ, గడ్డీ, జూనిపర్ కొమ్మలూ తమకు తోచిన పని తాము చేసుకుపోయి, రసాన్ని పులియబెట్టేశాయి. అమ్మమ్మ వేలు ముంచి నాకింది.

"ఏమైంది?" అన్నాను.

"ఇది కూడా అధికారపక్షంలో చేరిపోయింది" అంది అమ్మమ్మ.

ప్రయోగశాల వాళ్ళు ఘాటుగా ఉందని ధ్రువీకరించారు. కేసు నిలబడింది, మేయర్ గారి లైసెన్సు రద్దయింది, మా బడికి తాళం పడింది.

ఇప్పుడు మేం తెల్లవారకముందే లేచి, పట్నం బస్సు ఎక్కుతున్నాం. మేయర్ గారు మా ఊళ్ళోనే ఉంటున్నారు. ప్రజల మనిషి ప్రజల మధ్యే ఉండాలని, వచ్చే ఎన్నికలదాకా పెదనాన్న ఇంట్లో కాపురం పెట్టమని హెన్నింగ్ చెప్పాడట. కారు నడపడానికి లేదు కనుక ఆయన కూడా ఆఫీసుకు మా బస్సులోనే వస్తారు. ముందు సీటు ఆయనకు వదిలేస్తాం.

నిన్న కొండ మీద మంచు పడి బస్సు చాలాసేపు ఆగిపోయింది. చిన్నపిల్లలు చలికి ఏడుపు మొదలుపెట్టారు. మేయర్ గారు చేతులు రుద్దుకుంటూ వెనక్కి తిరిగి, వాళ్ళ వంక జాలిగా చూశారు.

"పాపం, ఇంత చిన్నపిల్లల్ని ఇంత దూరం పంపుతున్నారేంటమ్మా?" అని నన్ను అడిగారు. "మీ ఊళ్ళో బడి లేదా?"