బావి అడుగున గుండయ్య దీపం

ఎనభై రెండు ఎండాకాలంల, జహీరాబాద్ బస్టాండు ఎనక మా వాడల, గుండయ్య స్నానం చేసుకుంట వెండిచెంబును బావిల పడేసిండు. అది పెండ్లాం అనంతమ్మకు ఆమె అన్న పెట్టింది. ఆ అన్న మర్నాడే కోహీర్ నుంచి భోజనానికి వస్తున్నడు.

బావి లోతు, లోపల చీకటి. చెంబు కానొస్తే కొక్కెం ఏసి లాగొచ్చు, అనంతమ్మకు తెల్వకముందే దాని జాగల పెట్టొచ్చు. అందుకని నీళ్లల్ల మునిగినా ఆరని దీపం చెయ్యాలనుకున్నడు.

మామిడికాయ తొక్కును గంజుల పోసి సీసా ఖాళీ చేసిండు. టార్చిలైటు ఎలిగించి, మొహం అడుగుకు పెట్టి దాంట్ల దించిండు. మూతకు సైకిల్ ట్యూబు చుట్టి, పైన మైనం పోసిండు. ట్యూబెందుకని సైకిల్ షాపు మునీర్ అడిగితే, టార్చికి రెయిన్‌కోటు కుడుతున్న అన్నడట.

అనంతమ్మ అడిగితే, బావిల ఒండు ఎంతుందో చూస్త అన్నడు. ఇంట్ల చెత్త ఎన్నడు చూడని మనిషికి బావిల ఒండు ఎందుకు యాదికొచ్చిందో ఆమెకు సమజ్ కాలె.

తాడు కట్టి బావిల దించితే సీసా సొరకాయబుర్ర లెక్క తేలింది. కట్టెతోటి పొడిస్తే అవతలి ఒడ్డుకు పోయింది. సీసాను పైకి గుంజి, దాని నడుముకు మసాలా నూరే రాయి కట్టిండు. అప్పుడు మునిగింది, తాడును గూడ ఎంట తీసుకపోయింది.

గుండయ్య, తమాషా చూడనీకె వచ్చి నిలబడ్డ నా దిక్కు చూసిండు. నేను బావి దిక్కు చూసిన.

నీళ్లు తేరినయి. దీపం ఆరలేదు, సీసాలకు సుక్క నీరు పోలేదు. అడుగంత జాతరల దుకాణం లెక్క కానొచ్చింది. చెంబు ఉన్నది. పక్కన ఇత్తడి గిన్నె, గంటె, ఇంకో గిన్నె. తను చేసిన వస్తువు పాడైతే బాగుండని గుండయ్యకు అనిపించింది అదే మొదలు.

అనంతమ్మ వచ్చి వంగి చూసింది.

"ఆ ఇత్తడి గిన్నె ఎవరిది?"

"మనదాని లెక్కనే ఉంది."

"పక్కింటి తాజ్ బేగం తీసుకపోయి తేలేదంటివి. ఏడాది సంది ఆమెకు చల్ల బంద్ పెడితిని."

దీపం ఎంత సక్కగ కుదిరిందో జర చూడుమన్నడు గుండయ్య.

"చూస్తున్న. అన్నీ చూస్తున్న."

బావిల పడ్డయి తీసే కొక్కేల గుత్తి, పాతాళగరిగె, మా వాడల తాజ్ బేగం ఇంట్లనే ఉంటది. అనంతమ్మ ముందట, గుండయ్య ఎనక నడిచిన్రు. గరిగె తీసుకపోయేటోళ్లు, తిరిగిచ్చేదాక ఒక గిన్నె అక్కడ కుదువ పెట్టాలె. అది రివాజు. బేగం జరిగిందంత ఇన్నది. చల్ల మాట ఎత్తలేదు. ఏం గిన్నె పెట్టి పోతరని మాత్రం అడిగింది.

"మా గిన్నెలన్నీ బావిలనే ఉన్నయి ఆపా. ఈయన్నే పెట్టుకో," అన్నది అనంతమ్మ.

బేగం గుండయ్యను పైనుంచి కిందిదాక చూసింది.

"దీనికి ముందే సొట్టలున్నయి. తర్వాత నన్ననొద్దు," అని గరిగె తీసిచ్చింది.