సగం దారిలో ఆగిన ముఖం

చిక్కడపల్లి యువనేత ఓదెలు గారు తన యాభై రెండో ఏట చరిత్రాత్మక ప్రకటన చేశారు. ఆదివారం సాయంత్రం నారాయణగూడ చౌరస్తాలో, ఎల్‌ఈడీ తెర మీద, ప్రజలందరూ చూస్తుండగా ఆయన ముఖం పార్టీ అధ్యక్షుడి ముఖంగా మారిపోతుంది! దీన్ని మార్ఫింగ్ అంటారు. కార్పొరేటర్ టికెట్ అడిగే మిగతావాళ్లు అధ్యక్షుడి పాదాల దగ్గరే ఆగిపోతే, ఓదెలు నేరుగా ముఖం దాకా వెళ్లారు.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుకుంటూ ఫ్లెక్సీలు డిజైన్ చేసే సంయుక్త, రెండు ఫొటోలనూ కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టింది.

"కంటికి కన్ను, ముక్కుకు ముక్కు చుక్కలు పెట్టి జోడిస్తా సార్. ఒక ముఖం మెల్లగ ఇంకో ముఖమయితది."

"గుండెకు గూడ ఒక చుక్క పెట్టమ్మా. మా ఇద్దరిది ఒకటే గుండె."

"పాస్‌పోర్ట్ ఫొటోల గుండె రాదు సార్. ఇంకోటి, పెద్దసారుకు మీసం లేదు. మీ మీసంతోని నడుమ గజిబిజి అయితది."

ఓదెలు ముప్పై ఏళ్ల మీసాన్ని ఆ మధ్యాహ్నమే పార్టీకి అంకితం చేశారు.

ఆదివారం టపాకాయలు పేలాయి. ఓదెలు ముఖం కరగడం మొదలైంది. సరిగ్గా సగం దారిలో కంప్యూటర్ ఆగిపోయింది. తెర గది తాళం ఉన్నాయన ఊరికి పోవడంతో, ఓదెలూ కాని, అధ్యక్షుడూ కాని ఆ ముఖం మూడు రోజులు చౌరస్తాను పాలించింది. ఆటోవాళ్లు దండం పెట్టి మరీ బోణీ చేశారు.

అప్పుడే పార్టీ సర్వే వచ్చింది. టికెట్ ఎవరికివ్వాలి? అరవై ఒక్క శాతం మంది చెప్పింది ఒకటే: "తెర మీదున్నాయనకు."

ఓదెలు పరేషానై, తన గల్లీలో ఉండే అనసూయమ్మను తెర మీదున్నాయన ఎలాంటివాడని అడిగారు.

"మంచోడు బిడ్డా," అందామె. "మొన్న ఇంట్లకు వాన నీళ్లొస్తే ఆయనొక్కడే వచ్చిండు. నువ్వు రాలే."

అధ్యక్షుడు పిలిపించారు. "ఎవరయ్యా ఆయన?"

"సగం నేనే సార్!"

"మిగతా సగం నేనే గదా. మనిద్దరికి లేని పేరు ఆయనకెట్ల వచ్చింది?"

పార్టీ ఆ ముఖం జాతకం తిరగేసింది. అభ్యర్థి మీద ఒక్క కేసు లేదు, పార్టీ మారిన చరిత్ర లేదు, నోరు జారింది అసలే లేదు. టికెట్ ఆయనకే ప్రకటించారు.

ఓదెలు ఒక చాయ్ తాగేంతసేపు కుమిలిపోయారు. తర్వాత గ్లాసు పక్కన పెట్టి, అశోక్‌నగర్ మెట్లెక్కారు.

"అమ్మా, అర్జెంటుగ ఫ్లెక్సీ కావాలె. నడుమ అన్న, పక్కన నేను. అన్న చెయ్యి నా భుజం మీదుండాలె."

"ఆయనకు చేతుల్లేవు సార్. ముఖమొక్కటే ఉన్నది."

"నాదే ఒకటి తీసి పెట్టు."