గోరు తగలని గీత

డాక్టరుగారి నల్ల కారు మీది సుడిగీతలను మిషనుతో తీసేస్తే, నిబంధన ప్రకారం ఆ గీతలు పెట్టిన మనిషి కూడా ఊళ్లోంచి పోవాలి కనక, నూకరత్నం పొద్దున్నే భర్తకు సంచి సర్దింది. రెండు లుంగీలు, తువ్వాలు, బీపీ మాత్రలు. ఐదు కిలోలు దాటకూడదని నోటీసులో ఉంది.

సన్యాసిరావు ఆ కారుకు పందొమ్మిదేళ్లుగా డ్రైవరు. రోజూ పొడిగుడ్డతో గుండ్రంగా దుమ్ము తుడిచేవాడు. దుమ్ములోని ఇసుక రంగును సన్నగా గీసేది. ఎండలో చూస్తే సాలెగూడులా కనబడేది. ఇన్నేళ్లూ దాన్ని శ్రద్ధ అన్నారు. కారు అమ్మకానికి పెట్టాక నష్టం అన్నారు. గీతలు పోతే అతను ఇక్కడ పనిచేశాడనడానికి ఆధారం ఉండదు. ఆధారం లేని మనిషిని ఊళ్లో ఉంచుకోవడం క్రమవిరుద్ధం. ఆ పని చూడడానికే మెరుపు శాఖ ఉంది.

ఒక్క మినహాయింపు ఉంది. గోరు పెట్టి లాగితే తగిలేంత లోతు గీతను పాలిషింగ్ మిషను తీయలేదు. అలాంటిది ఒక్కటి ఉన్నా మనిషి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. వెనక ఎడమ తలుపు మీద, ఒకప్పుడు బకెట్టు గీసుకున్న చోట, సన్యాసిరావుకు అలాంటిది ఉంది. నూకరత్నం నాలుగుసార్లు గోరు పెట్టి చూసుకుంది.

శాఖ షెడ్డులో ఆమెకు కుర్చీ వేసి టీ ఇచ్చారు. అడక్కుండా టీ ఇచ్చే ఆఫీసును ఆమె ఎన్నడూ చూడలేదు. తాగలేదు.

"సల్లారిపోతందే," అన్నాడు సన్యాసిరావు.

"నువ్వూరుకో మావా. ముందు ఆల మొకాలు సూడు."

పరిశీలకుడు చక్రపాణి ఆ గీత మీద వేలు ఆనించి, "తగల్లేదు," అని రిజిస్టరులో రాసుకున్నాడు.

"ఏదీ బావూ, నీ గోళ్లు సూపించు," అంది నూకరత్నం.

చూపించాడు. పది వేళ్లకూ కండ దాకా కత్తిరించి ఉన్నాయి. బ్యాంకులో పెన్నును కట్టినట్టు, అతని బల్లకు నెయిల్ కట్టరును దారంతో కట్టారు.

"గోరే నేకపోతే ఎలా తగుల్తాదయ్యా?"

"రూల్లో గోరు అన్నారమ్మా. ఎంత పొడుగుండాలో అనలేదు."

"అయితే నా గోరు పెట్టి సూడు."

"ఇంట్లోవాళ్ల గోరు చెల్లదు."

సన్యాసిరావు నవ్వాడు. "నా గురక బాద తప్పిందని మొక్కుకోక, సారుతో గొడవేటే?"

ఆమె నవ్వలేదు. మిషను మొదలవకముందే మనిషి వెళ్లిపోవాలి. అతను సంచి తీసుకుని వెనక గేటు దగ్గరున్న వ్యాను ఎక్కాడు.

తరవాత తలుపుకు పేస్టు పూసి, మిషను నాలుగుసార్లు తిప్పారు. సన్నగీతలన్నీ పోయాయి. లోతు గీత పోలేదు.

"ఇది అలాగే ఉంది సార్," అన్నాడు మిషను పట్టుకున్న మనిషి.

"రిజిస్టర్లో లేదుగా," అన్నాడు చక్రపాణి. "అందులో కొట్టివేతలు ఉండకూడదు."

నూకరత్నం వెళ్లి గీత మీద గోరు పెట్టింది. తగిలింది. చక్రపాణి కూడా చూశాడు. తరవాత అతను ఒక కాగితం జరిపాడు. కారు మీద గీతలేవీ లేవని సాక్షి సంతకం పెట్టాలి. పెడితేనే వ్యాను ఎటు వెళ్లిందో చెబుతారట. పెట్టింది. ఆధారం లేనివాళ్ల చిరునామాలు శాఖ రాసుకోదని అప్పుడు చెప్పారు.

డాక్టరుగారు వచ్చి కారు చుట్టూ తిరిగి, కొత్తదానిలా ఉందన్నారు. నూకరత్నం కూడా అవునంది.

సన్యాసిరావు వ్యాను ఎక్కింది మార్చి ఆరు, గురువారం, ఉదయం పదిన్నరకు. తిరిగి రాలేదు.