రంగులు రాని మెయిల్

శుక్రవారం ఉదయం నెరెయిదా పెట్టుకున్న పని చిన్నదే. కాఫీ తాగి, కుట్టి సిద్ధమైన పావడాలు తెప్పించి, మర్నాటి కార్నివాల్ ఊరేగింపుకి ఇస్త్రీ చేయించాలి. బరాంకియాలో వాళ్ళ పేట నృత్య బృందం ఏటా ఊరేగింపు తోకన, చెత్త బండికి ముందు నడిచేది. ఈసారి మొదటి స్థానం దక్కింది. పేటలో ఎవరి కాళ్ళూ నేలమీద ఆనడం లేదు.

బృందాన్ని ఆడించేవాడు ఆమె తమ్ముడు ఎవుదోరో. ఉత్తరప్రత్యుత్తరాలు నెరెయిదావి. నిరుడు పొరుగు బృందం ఏదో మెయిల్లో మెరిసే బటన్ నొక్కి, తమ పాస్‌వర్డ్ దొంగల చేతిలో పెట్టింది. ఆనాటినుంచి ఆమె బృందం మెయిల్‌ని ఉత్త అక్షరాలకు మార్చేసింది. రంగుల్లేవు, బొమ్మల్లేవు, బటన్ వెనక దాక్కున్న చిరునామా మొత్తం బయటపడుతుంది. "దొంగ కాదు కదా, వాడి నీడ కూడా రాదు" అని ఆమె చెప్పని ఇల్లు లేదు.

మూటలు వచ్చాయి. ఎవుదోరో విప్పి చూసి అక్కడే కూలబడ్డాడు. నలభై పావడాలూ కాటుక నలుపు.

"అక్కా, ఏంటిది! కార్నివాల్ చచ్చిపోయిందని పాడెక్కించి ఉత్తుత్తినే ఏడ్చేది ఆఖరి రోజు, మంగళవారం కదా! శనివారమే చావుబట్టలా?"

కుట్టిన ఉబాల్దినా నడుం మీద చేతులు పెట్టుకుంది. "మీరు పంపిందే కుట్టాను. జాబితాలో ఆడేవాళ్ళ పేరు ఏ రంగులో ఉంటే పావడా ఆ రంగన్నారు. పేర్లన్నీ నల్లగానే ఉన్నాయి. అనుమానమొచ్చి అడిగితే, రాసింది రాసినట్టు కుట్టమని మీ అక్కే అంది!"

"నేను అక్కకి ఎర్ర పేర్లు, పసుపు పేర్లు, పచ్చ పేర్లు పెట్టి పంపాను!"

"నాకు వచ్చేసరికి రంగులు పోతాయిరా. భద్రత కోసం మార్చానని నీకు చెప్పానా లేదా?"

"భద్రత అన్నావు, కళ్ళకి గంతలని చెప్పలేదు!"

నల్ల మూటలు చూసిన ఎదురింటావిడ ఆ ఇంట్లో చావని చాటకుండా ఊరుకుంటుందా? మధ్యాహ్నానికల్లా జనం కొవ్వొత్తులతో దిగారు. ఒకాయన ఎవుదోరోని కౌగలించుకుని, "మీ అక్కది ఎంత మంచి మనసు నాయనా!" అని బావురుమన్నాడు.

"ఆగకండి, చెప్పండి, వింటున్నాను" అంది నెరెయిదా వంటింట్లోంచి.

అంతలో ఇంకో బృందంవాళ్ళు ఫోన్ చేశారు. నిర్వాహకులు బంగారు అక్షరాలతో మెయిల్ పంపారట. సాయంత్రంలోగా అందులో బటన్ నొక్కకపోతే ఊరేగింపులో చోటు పోతుందట. ఎవుదోరో పరుగున వచ్చి అక్క భుజం మీంచి చూశాడు. బంగారమూ లేదు, బటనూ లేదు. ఎవరిదో ఊరూపేరూ తెలియని చిరునామా బారుగా పడి ఉంది.

"ఇది నిర్వాహకులది కాదురా" అంది నెరెయిదా.

"ఊరంతా నొక్కింది! నొక్కవే తల్లీ, నీకు పుణ్యముంటుంది! మొదటి స్థానం పోతే పేటలో తలెత్తుకోగలమా?"

"తల దించుకుంటాను గానీ నొక్కను."

మెయిల్ చెరిపేసింది. చెరిపాక మాత్రం తన పంతం వల్లే పేట మళ్ళీ చెత్త బండి ముందుకి పోతుందేమోనని భయం వేసింది.

శనివారం తెల్లవారగానే అసలు నిర్వాహకుల మెయిల్ వచ్చింది: ఇవాళ ఎండ మండిపోతుంది కనుక ఊరేగింపు గంట ముందే మొదలు. బంగారు బటన్ నొక్కిన బృందాల మెయిళ్ళన్నీ అప్పటికే దొంగల చేతిలో ఉన్నాయి. వాళ్ళెవరికీ ఈ కబురు అందలేదు.

వేళకి వీధిలో నిలబడ్డది ఒక్క బృందమే, అదీ నిలువెల్లా నలుపు. వేరే బట్టల్లేవు. ఎవుదోరో గుండె రాయి చేసుకుని అరిచాడు: "ఏడవండే! ఏడుస్తూ ఆడండి!"

డప్పులకి తగ్గట్టు నలభైమంది గొల్లుమన్నారు. "కార్నివాల్‌ని పుట్టకముందే పాతిపెట్టేస్తున్నారురోయ్!" అంటూ జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. మిగతా బృందాలు రొప్పుతూ వచ్చేసరికి నవ్వులూ చప్పట్లూ అన్నీ ఖర్చయిపోయాయి. మొదటి బహుమతి వీళ్ళదే. నెరెయిదాకి కళ్ళు చెమర్చాయి. తన పేటని చూసి అంత గర్వం ఆమెకి ఎన్నడూ కలగలేదు.

"ఈ నలుపు ఆలోచన ఎవరిదండీ?" అని విలేఖరి అడిగాడు.

"నాదే!" అన్నారు అక్కా, తమ్ముడూ, ఉబాల్దినా ఒక్క గొంతుతో.

ముందురోజు ఇదే ప్రశ్నకి ముగ్గురూ పక్కవాళ్ళని చూపించారు.