అద్దాల పెట్టె భాగ్యం

ఏ ప్రాణినైనా కాపాడాలంటే ముందు దాన్ని కాల్చి చంపాలి. నవ్వకండి! ఇది సైన్సు.

నిజాం రోజుల్లో అమ్రాబాద్ గుట్టలకు తుపాకీతో వచ్చిన మ్యూజియం దొరగారు ఈ సంగతి విడమరచి చెప్పారు. చిరుతపులులు తగ్గిపోతున్నాయట. పూర్తిగా మాయం కాకముందే ఉన్నవాటిని గబగబా కాల్చి, గడ్డి కూరి, అద్దాల పెట్టెలో భద్రపరచాలట. ఎంత జాలిగుండె! అడవిలో చిరుతకేముంది చెప్పండి? ఆకలి, గజ్జి, వానలో తడవడం. మ్యూజియంలోనో? నీడ, కలరా ఉండలు, సెలవు రోజుల్లో పిల్లల చప్పట్లు!

ఇంత ఉపకారం గొర్లకాపరి కురుమయ్య బుర్రకెక్కలేదు. ఎక్కేదెలా? ఎరకు అతని మేకే కావాలన్నారు. అదీ వెట్టి కింద, ఊరికే. పైగా పోలీసు పటేలు మంద ముందు నడిచే గంటమేక మీదే చెయ్యి వేశాడు. గంట మోగితే చిరుత తొందరగా వస్తుందని ఆయన తెలివి.

"బాంచెన్ పటేలా, గా మేక ముందు నడవకుంటే గొర్లు అడుగు పెట్టయి. నా బతుకే ఆగమైతది. ఇంకోటి గుంజుకపోండ్రి" అని కాళ్లు పట్టుకున్నాడు కురుమయ్య.

"సైన్సుకు అడ్డమొస్తవారా? నడువ్!" అన్నాడు పటేలు.

సాయంత్రం మేకను దొరగారు ఎక్కి కూర్చున్న మంచె కింద కట్టేశారు. గంట మోగింది. చిరుత రాలేదు గానీ, అలవాటు ప్రకారం గొర్లమంద దొడ్డికంప తొక్కుకుంటూ వచ్చి మంచె చుట్టూ చేరింది. దుమ్ములో ఏదో కదిలింది. దొరగారు కాల్చారు. గంటమేక కూలింది!

కురుమయ్య బోరున ఏడ్చాడు. దొరగారు మాత్రం తొణకలేదు. ఉత్తచేతులతో పోతే సైన్సు ఏమైపోవాలి? చర్మం ఒలిపించి, 'అరుదైన అడవిమేక' అని చీటీ కట్టించారు. అడవిమేక మెడలో గంట ఉండకూడదు కనుక దాన్ని విప్పి కురుమయ్య మీదికి విసిరారు.

మంద కదలాలి కదా! తెల్లారి కురుమయ్య ఆ గంటను తన మెడలోనే కట్టుకుని ముందు నడిచాడు. గొర్లు బుద్ధిగా వెంట నడిచాయి. మోటారులో కూర్చున్న దొరగారు ఆ వింత చూసి ముచ్చటపడ్డారు.

"ఇలాంటివాళ్లు ఈ గుట్టల్లో ఇంకా ఎందరున్నారు?" అని పటేలును అడిగారు.

"చాన తక్కువైపోయిన్రు సర్కార్!" అన్నాడు పటేలు.

దొరగారు తుపాకీ వైపు చూశారో లేదో తెలియదు. ఆ మాట చెవిన పడ్డ కురుమయ్య మాత్రం గంట నాలుకను పిడికిట్లో బిగించి, మంద సంగతి మరిచి, గుట్ట దిగి ఉరికాడు.