పదకొండు కులాసానా?

మనిషికి పేరెందుకండీ, శుభ్రంగా ఒక శాతం ఉండగా! నమ్మరా? అయితే మా వీధి దర్జీ అక్కయ్య సంగతి వినండి.

ఆవిడకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ వయసూ, గడ్డ సైజూ, ఇంకా నానా వివరాలూ కంప్యూటర్లో కొట్టింది. జబ్బు పదేళ్లలో తిరగబెట్టే అవకాశం పదకొండు శాతమని అది తేల్చింది.

"అంటే నాకు వస్తుందా, రాదా?" అంది అక్కయ్య.

"మీలాంటివాళ్లు వందమంది ఉంటే పదకొండు మందికి రావచ్చమ్మా. ఎవరికన్నది చెప్పలేం."

మిగతా తొంభై తొమ్మిది మందీ ఎక్కడుంటారో కనుక్కుని, ఒక్కసారి కూర్చుని మాట్లాడి రావాలనిపించింది అక్కయ్యకు.

భర్త లెక్కల మాస్టారు. ముప్పై ఏళ్లు పేపర్లు దిద్దిన అలవాటు ఎక్కడికి పోతుంది? కాగితం చూడగానే, "పదకొండేనా? పాస్ మార్కులు కూడా రాలేదే" అనేశాడు. వెంటనే నాలిక కరుచుకుని, బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చాడు.

ఆడపడుచుకు బేరం తెలుసు. "ఇంకో డాక్టరు దగ్గరికెళ్లు వదినా, పదికి దించుతారు" అంది. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినావిడ, తన పిన్నికి తొమ్మిదే వచ్చిందని మెడ నిక్కించి మరీ చెప్పింది.

ఎంత సుఖమో చూడండి! నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా అని అడిగే శ్రమ అందరికీ తప్పింది. "పదకొండు కులాసానా?" అంటే సరి! జబ్బు తిరగబెట్టేది పదకొండు శాతమే గానీ, పరామర్శకు వచ్చిన చుట్టాలు తిరగబెట్టడం మాత్రం నూటికి నూరు.

అక్కయ్య పాత జాకెట్లన్నీ ఆపరేషన్ అయిన ఎడమవైపు వదులుగా వేలాడుతున్నాయి. ఊరందరికీ కుట్టే మనిషి తనకు మాత్రం ఒక్కటీ కుట్టుకోలేదు. మాస్టారు అడిగితే, "ఎన్నాళ్లకోసం?" అనేది.

ఆరునెలలు గడిచాక ఒక మధ్యాహ్నం, ఏమనుకుందో ఏమో, టేపు తన ఒంటికే చుట్టుకుంది. సాయంత్రానికి జాకెట్టు తయారు. మాస్టారు తిరగేసి చూస్తే లోపల రెండువైపులా బోలెడు గుడ్డ.

"ఇంత వదిలేశావేం?"

"పదేళ్లకు లావెక్కనూ? అప్పుడు కుట్లు విప్పుకోవద్దూ?"

మాస్టారు జాకెట్టు మడతపెట్టి ఆవిడ పక్కనే కూర్చున్నాడు. "ఒంట్లో ఎలా ఉందే?" అన్నాడు.

"ఎడమ చెయ్యి లాగుతోందండీ, పైకి లేవడం లేదు."

ఆ జవాబు ఆరునెలలుగా సిద్ధంగానే ఉంది. అడిగే నాథుడే లేకపోయాడు.